క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న వాచీకే డబ్బు పెట్టాలా?

షాపులో రెండు మెకానికల్ వాచీలు పక్కపక్కన పెట్టారనుకోండి. ఒకదాని డయల్ మీద ‘క్రోనోమీటర్’ (కచ్చితత్వ పరీక్ష పాసైన వాచీ అని అర్థం) అని చిన్న అక్షరాలు ఉంటాయి, ధర కాస్త ఎక్కువ. రెండోదాని మీద ఆ మాట లేదు, కానీ మీ కళ్ళు దాని మీదే ఉన్నాయి. సేల్స్‌మన్ మాత్రం మొదటిదాన్నే ముందుకు జరుపుతూ, ‘‘ఇది స్విట్జర్లాండ్‌లో టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చింది సర్’’ అంటాడు. లక్షలు పోసి కొనేటప్పుడు ఆ ఒక్క మాటకే మనసు మార్చుకునేవాళ్ళు చాలామంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సర్టిఫికెట్లన్నీ ఒకటి కావు. కేసులో (బయటి తొడుగులో) బిగించిన పూర్తి వాచీని పరీక్షించి, ఇన్ని సెకన్ల లోపే తేడా ఉంటుందని కంపెనీ రాసిచ్చేదానికి కొంత ఎక్కువ ఇవ్వచ్చు. విడి మూవ్‌మెంట్‌ను (వాచీని నడిపే లోపలి యంత్రాన్ని) మాత్రమే పరీక్షించిన సర్టిఫికెట్ మంచిదే గానీ, రెండు వాచీలూ సమానంగా నచ్చి ఎటూ తేల్చుకోలేనప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నచ్చిన వాచీని వదిలేసి నచ్చనిది కొనడానికి అది కారణం కాకూడదు.

ముందు సెకన్ల సంగతి చూద్దాం. రోజుకు 86,400 సెకన్లు. ఇప్పటి మెకానికల్ వాచీల్లో చాలావి గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి, అంటే రోజుకు 6,91,200 సార్లు. ఇంత పని ఒక సన్నటి స్ప్రింగు (హెయిర్‌స్ప్రింగ్), ఒక చిన్న చక్రం (బ్యాలెన్స్ చక్రం) చేస్తూ రోజుకు ఐదారు సెకన్లే తేడా రావడం నిజంగా గొప్ప విషయం. అయినా బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్ల తేడాతో నడుస్తుంది. రోజుకు 6 సెకన్లు ఫాస్ట్‌గా నడిచే మెకానికల్ వాచీ నెలకు మూడు నిమిషాలు ముందుంటుంది. మన పంచాంగం లెక్కలో విఘడియ అంటే 24 సెకన్లు కదా, అలాంటి వాచీ నాలుగు రోజులకు ఒక విఘడియ ముందుకు పోతుంది. కచ్చితమైన టైమే కావాలంటే క్వార్ట్జ్ కొనాలి. మెకానికల్ వాచీ కొనేవాళ్ళు వేరే కారణాలతో కొంటారు. అది బాగా తయారైందా లేదా అన్నది తెలుసుకోవడానికి సెకన్ల లెక్క ఒక దారి, అంతే.

కాస్క్ ఏం పరీక్షిస్తుంది

స్విస్ వాచీల మీద కనిపించే ‘క్రోనోమీటర్’ అన్న మాట వెనుక దాదాపు ఎప్పుడూ ఉండేది కాస్క్ (సీఓఎస్‌సీ) అనే స్విస్ పరీక్షా సంస్థ. 1973లో మొదలైంది. ఐఎస్ఓ 3159 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షలు చేస్తుంది. మూవ్‌మెంట్‌కు పరీక్ష కోసం వేరే డయల్, సెకన్ల ముల్లు బిగించి, పదిహేను రోజుల పాటు ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో (8, 23, 38 డిగ్రీలు) నడిపి చూస్తారు. సాధారణ సైజు మూవ్‌మెంట్ సగటున రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల మధ్య ఉండాలి.

అందరికీ తెలిసింది ఈ ఒక్క సంఖ్యే. నా దృష్టిలో మిగిలిన షరతులే ఎక్కువ విలువైనవి. మొత్తం ఏడు షరతులున్నాయి. ఒకే భంగిమలో రోజురోజుకీ నడక (రోజుకు ఎన్ని సెకన్లు ఫాస్టో, స్లోనో) ఎంత మారుతోంది, పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ ఎంత తేడా, డిగ్రీ వేడికి ఎంత మార్పు, పరీక్ష చివర మళ్ళీ మొదటి భంగిమలో పెడితే పాత నడకకు తిరిగొచ్చిందా, ఇవన్నీ చూస్తారు. ఎందుకంటే సగటు మోసం చేయగలదు. ఒక వాచీ చేతి మీద ఉన్నప్పుడు 10 సెకన్లు ఫాస్ట్‌గా, రాత్రి టేబుల్ మీద 10 సెకన్లు స్లోగా నడిస్తే సగటు సున్నా దగ్గరకే వస్తుంది. కానీ అది మంచి వాచీ కాదు. రోజూ సరిగ్గా 5 సెకన్లు ఫాస్ట్‌గా నడిచే వాచీ దానికంటే ఎంతో మేలు, ఎందుకంటే దాన్ని రెగ్యులేట్ చేస్తే (వేగాన్ని సర్దితే) సరిపోతుంది. నిలకడ లేని వాచీని సరిచేయడం కష్టం.

కాస్క్ పరీక్షకు ఉన్న పెద్ద పరిమితి ఒకటుంది. అక్కడ పరీక్ష పాసైంది మూవ్‌మెంట్, మీ వాచీ కాదు. ఆ తర్వాత దానికి అసలు డయల్, ముళ్ళు బిగిస్తారు, కేసులో పెడతారు, విమానం ఎక్కిస్తారు. షాపు అద్దాల అరలో నెలల తరబడి ఉంటుంది. ఇన్ని చేతులు మారాక మీ మణికట్టు మీద ఎలా నడుస్తుందన్నది కాస్క్ చెప్పలేదు. చెబుతానని అది ఎప్పుడూ అనలేదు కూడా.

సర్టిఫికెట్ లేని కవల

కొనేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది, షాపుల్లో ఎక్కువగా చెప్పనిది ఒకటుంది. మూవ్‌మెంట్లు తయారుచేసి వాచీ కంపెనీలకు అమ్మే ఈటీఏ, సెలీటా లాంటి సంస్థలు ఒకే మూవ్‌మెంట్‌ను నాలుగు గ్రేడుల్లో అమ్ముతాయి: స్టాండర్డ్, ఎలబొరేటెడ్, టాప్, క్రోనోమీటర్. కింది రెండు గ్రేడుల నుంచి టాప్‌కు వచ్చేసరికి బ్యాలెన్స్ చక్రం, హెయిర్‌స్ప్రింగ్, షాక్ తట్టుకునే భాగం మెరుగైనవి పడతాయి, ఐదు భంగిమల్లో సరిచేస్తారు. టాప్ నుంచి క్రోనోమీటర్‌కు మాత్రం సామాను దాదాపు అదే, అదనంగా వచ్చేది పరీక్ష, కాగితం. అంటే ‘టాప్ గ్రేడ్’ అని రాసి ఉన్న వాచీకి సర్టిఫికెట్ లేకపోయినా అది క్రోనోమీటర్‌కు దగ్గరి చుట్టమే. గ్రేడ్ ఏమిటో అడిగితే మంచి కంపెనీలు దాచకుండా చెబుతాయి.

స్విస్ కంపెనీ లాంజిన్స్ వాచీల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. స్పిరిట్ వరుసలోని వాచీలకు కాస్క్ సర్టిఫికెట్ ఉంది. మాస్టర్ కలెక్షన్‌లోని మామూలు మూడు ముళ్ళ వాచీకి లేదు. రెండింటిలోనూ ఉన్నది ఎల్888 కుటుంబానికి చెందిన మూవ్‌మెంటే, గంటకు 25,200 సార్లు కొట్టుకునేదే. ఒకటి పైలట్ వాచీ తరహాలో ఉంటుంది, రెండోది పెళ్ళికి పంచె కట్టుకున్నా, ఆఫీసుకు షర్ట్ వేసుకున్నా కుదిరే డ్రెస్ వాచీ. ఇక్కడ సర్టిఫికెట్ చూసి స్పిరిట్ కొనమని నేను చెప్పను. చేతికి ఏది నప్పితే అది తీసుకోండి. మాస్టర్ కలెక్షన్ రోజుకు నాలుగైదు సెకన్లలో నడవడం ఏమాత్రం వింత కాదు.

పూర్తి వాచీని పరీక్షించేవి

ఇక్కడి నుంచి సంగతి మారుతుంది. ఒమేగా, స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ అయిన మెటాస్ కలిసి తెచ్చిన ‘మాస్టర్ క్రోనోమీటర్’ 2015లో గ్లోబ్‌మాస్టర్ అనే మోడల్‌తో మొదలైంది. కాస్క్ పాసైన మూవ్‌మెంట్‌ను కేసులో పెట్టాక మళ్ళీ ఎనిమిది పరీక్షలు చేస్తారు. నడక రోజుకు సున్నా నుంచి ప్లస్ 5 సెకన్ల లోపు ఉండాలి, అంటే స్లో కాకూడదు. 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకోవాలి. కీ నిండుగా ఉన్నప్పుడూ, మూడో వంతుకు పడిపోయినప్పుడూ నడకలో తేడా ఎంతో చూస్తారు. నీళ్ళు చొరకుండా ఉండటం, పవర్ రిజర్వ్ (నిండుగా కీ ఇస్తే ఎంతసేపు నడుస్తుందన్నది) కూడా పరీక్షలో భాగమే. 2021 నుంచి ట్యూడర్ కూడా కొన్ని మోడళ్ళకు ఈ పరీక్ష చేయిస్తోంది.

రోలెక్స్ దారి వేరు. మూవ్‌మెంట్‌ను కాస్క్‌కు పంపుతుంది, కేసులో పెట్టాక తన సొంత ఫ్యాక్టరీలో మళ్ళీ పరీక్షిస్తుంది. 2015 నుంచి హద్దు రోజుకు ప్లస్ లేదా మైనస్ 2 సెకన్లు. వాచీతో వచ్చే పచ్చ ముద్ర దాని గుర్తు, దానికి ఐదేళ్ళ గ్యారంటీ ఉంటుంది. బయటి సంస్థ పరీక్ష కాదు కదా అని కొందరు దీన్ని తక్కువగా చూస్తారు. నేను అలా చూడను. కొనేవాడికి కావలసింది పరీక్ష చేసినవారి గుమ్మం మీద ఏ బోర్డు ఉందన్నది కాదు. వాచీ ఆ హద్దు దాటితే ఎవరి దగ్గరకు వెళ్ళాలి, వాళ్ళు బాధ్యత తీసుకుంటారా అన్నది. రోలెక్స్ తన హద్దును తానే బహిరంగంగా రాసుకుంది కాబట్టి, గ్యారంటీ కాలంలో మీరు ధైర్యంగా అడగచ్చు.

గ్రాండ్ సైకో నాకు మరీ నచ్చే కారణం దాని నిజాయితీ. జపాన్ కంపెనీ కాబట్టి కాస్క్‌తో పని పెట్టుకోదు. తన మెకానికల్ మూవ్‌మెంట్లను తన ప్రమాణంతోనే 17 రోజులు, ఆరు భంగిమల్లో పరీక్షిస్తుంది. హద్దు మైనస్ 3 నుంచి ప్లస్ 5. అయితే 9ఎస్65 లాంటి మూవ్‌మెంట్లకు ఇంకో సంఖ్య కూడా చెబుతుంది: చేతికి పెట్టుకుని వాడేటప్పుడు మైనస్ 1 నుంచి ప్లస్ 10 వరకు ఉండచ్చు అని. ల్యాబ్‌లో ఒకటి, చేతి మీద ఇంకొకటి అని ముందే చెప్పేసే కంపెనీలు తక్కువ. అదే కంపెనీ స్ప్రింగ్ డ్రైవ్ వాచీలైతే స్ప్రింగుతోనే నడుస్తూ, క్వార్ట్జ్ స్ఫటికం అదుపులో ఉండి, నెలకు 15 సెకన్ల తేడాలోనే ఉంటాయి. బ్యాటరీ వద్దు, కచ్చితత్వం మాత్రం కావాలి అనేవాళ్ళు ముందు దాన్నే చూడాలి. అది పూర్తి మెకానికల్ కాదు అనేవాళ్ళూ ఉన్నారు, ఆ వాదన వాళ్ళ ఇష్టం.

ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ ఈ విషయంలో మంచి ఉదాహరణ. 1969లో చంద్రుడి మీదకు వెళ్ళిన స్పీడ్‌మాస్టర్‌కు క్రోనోమీటర్ సర్టిఫికెట్ లేదు. 2021 దాకా అమ్మిన 1861 మూవ్‌మెంట్ మోడల్‌కూ లేదు. ఆ ఏడాది దాని స్థానంలో 3861 మూవ్‌మెంట్‌తో వచ్చిన మోడల్‌కు మెటాస్ ముద్ర ఉంది. సెకండ్ హ్యాండ్‌లో 1861, షోరూమ్‌లో కొత్త 3861, ఈ రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్ళకు నా సలహా: బడ్జెట్ అందితే 3861 తీసుకోండి. కారణం ఐదు సెకన్లు కాదు, అయస్కాంతం.

అయస్కాంతమే అసలు సమస్య

ఫోన్ వెనుక అతుక్కునే చార్జర్, ట్యాబ్ కవర్, ల్యాప్‌టాప్ స్పీకర్, హ్యాండ్‌బ్యాగ్ గుండీ, అన్నిట్లోనూ అయస్కాంతాలే. హెయిర్‌స్ప్రింగుకు అయస్కాంతం పట్టిందంటే చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ఫాస్ట్ అవుతుంది. అప్పటిదాకా ప్లస్ 2లో నడిచినది కూడా అంతే. డీమాగ్నెటైజర్‌తో క్షణాల్లో పోయే సమస్యే ఇది. కానీ సంగతి తెలియక సర్వీసుకు ఇచ్చేసి వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళున్నారు.

మామూలు ప్రమాణం ప్రకారం వాచీ తట్టుకోవాల్సింది 4,800 ఆంపియర్ పర్ మీటర్, అంటే దాదాపు 60 గాస్ మాత్రమే. మెటాస్ అడిగేది 15,000. ఇక్కడ సర్టిఫికెట్‌కు, రోజువారీ జీవితానికి నేరుగా సంబంధం ఉంది. సర్టిఫికెట్ లేని వాచీలోనూ సిలికాన్ హెయిర్‌స్ప్రింగు ఉంటే ఈ టెన్షన్ చాలా వరకు తగ్గుతుంది, సిలికాన్‌కు అయస్కాంతం పట్టదు కాబట్టి. అందుకే షాపులో ‘సర్టిఫికెట్ ఉందా’ అని అడిగే ముందు ‘హెయిర్‌స్ప్రింగు దేనితో చేశారు’ అని అడగమంటాను.

వేడి గురించి మనవాళ్ళు ఎక్కువ భయపడతారు. హైదరాబాద్‌లో మే నెల ఎండలు 40 దాటుతాయి కదా, కాస్క్ పరీక్ష 38 దగ్గరే ఆగుతుంది కదా అని. చేతి మీద ఉన్న వాచీ ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది, పైగా రోజులో సగం ఏసీలో గడుస్తుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డ్ మీద మాత్రం వదిలేయకండి.

సర్టిఫికెట్ లేని పెద్దింటి వాచీలు

ఇంకా పై ధరల్లోకి వెళ్ళాక సర్టిఫికెట్ మాట మెల్లగా పక్కకు తప్పుకుంటుంది. కార్టియే శాంటోస్, జెగర్ లెకూల్ట్ర్ రివర్సో కొనేవాళ్ళు క్రోనోమీటర్ అన్న మాట కోసం కొనరు. జెగర్ లెకూల్ట్ర్‌కు 1992 నుంచి కేసులో పెట్టిన వాచీని 1,000 గంటలు పరీక్షించే సొంత పద్ధతి ఉంది. పటెక్ ఫిలిప్ 2009లో సొంత సీల్ పెట్టుకుంది. 20 మిల్లీమీటర్లు, ఆపై సైజు మూవ్‌మెంట్లకు మొదట పెట్టుకున్న హద్దు రోజుకు మైనస్ 3 నుంచి ప్లస్ 2. కాస్క్ హద్దు కంటే అది బిగువైనదే.

జెనీవా సీల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ పేరు వినగానే కచ్చితత్వానికి గుర్తు అనుకుంటారు. 1886 నుంచి ఉన్న ఆ ముద్ర ప్రధానంగా చూసేది భాగాలకు చేతితో పెట్టే మెరుగు, జెనీవాలో తయారీ. తర్వాతి కాలంలో నడక పరీక్ష కూడా చేర్చారు. వారం రోజుల్లో తేడా ఒక నిమిషం దాటకూడదు. లెక్క వేస్తే రోజుకు ఎనిమిదిన్నర సెకన్లు. అంటే కాస్క్ కంటే వదులు. ఆ ముద్ర ఉన్న వాచీ అద్భుతంగా ఉంటుంది, లోపలి అంచులు భూతద్దం పెట్టి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ దానికి డబ్బు పెట్టేది ఆ పనితనానికి, సెకన్లకు కాదు.

మీరే పరీక్షించుకోవడం

కొన్నాక మొదటి పది రోజులు ఒక పని చేయండి. రోజూ ఉదయం ఒకే వేళకు ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారం పక్కన వాచీ పెట్టి ఫోటో తీయండి. మధ్యలో టైమ్ మార్చకండి. పది ఫోటోలు చాలు, మీ చేతి మీద ఆ వాచీ నడక ఎలా ఉందో కాస్క్ కాగితం కంటే బాగా తెలుస్తుంది. రాత్రి డయల్ పైకి పెట్టి కొన్నాళ్ళు, క్రౌన్ (కీ ఇచ్చే గుండీ) పైకి పెట్టి కొన్నాళ్ళు చూడండి. చాలా వాచీల్లో ఒక భంగిమలో పెరిగిన సెకన్లు ఇంకో భంగిమలో తగ్గుతాయి. ఏది నప్పుతుందో తెలిస్తే పగటి తేడాను రాత్రి సరిచేసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ అయితే టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను కొలిచే మెషిన్) మీద పెట్టి చూపించమని తప్పకుండా అడగండి. కనీసం మూడు భంగిమల్లో చూడాలి. పూర్తిగా కీ ఇచ్చిన మామూలు మూవ్‌మెంట్‌లో, డయల్ పైకి పెట్టినప్పుడు, యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. భంగిమకూ భంగిమకూ మధ్య తేడా ఎక్కువుంటే, సగటు ఎంత బాగున్నా అనుమానించాలి. ఒమేగా కో-ఆక్సియల్ మూవ్‌మెంట్లకు లిఫ్ట్ యాంగిల్ (ఆ కోణం లెక్క కోసం మెషిన్‌కు ఇచ్చే సంఖ్య) 38 డిగ్రీలకు మార్చి చూడాలి. చాలా మెషిన్లు 52 మీద ఉంటాయి, అలాగే వదిలేస్తే యాంప్లిట్యూడ్ తప్పు చూపిస్తుంది.

పదేళ్ళ నాటి సర్టిఫికెట్ పదేళ్ళ నాటి నడకను చెబుతుంది. ఈలోగా లోపలి నూనె పాతబడి ఉంటుంది, వాచీ ఒకటి రెండు సార్లు కింద పడి ఉండచ్చు. సెకండ్ హ్యాండ్‌లో ఆ కాగితం విలువ ధరలో ఉంటుంది, కచ్చితత్వంలో కాదు. సర్వీసు ఎప్పుడు, ఎక్కడ చేయించారో చూపే రసీదు దానికంటే ముఖ్యం. రోలెక్స్, ఒమేగా లాంటి వాటి నడక సరిచేయాలంటే బ్యాలెన్స్ చక్రం మీది చిన్న బరువుల్ని ప్రత్యేక సాధనంతో తిప్పాలి. వీధి చివర వాచీ రిపేర్ షాపులో అది కుదరదు, ప్రయత్నించనివ్వకండి కూడా.

ఎవరికి ఏది

రెండు మూడు లక్షల్లో ఒకే వాచీ కొని రోజూ పెట్టుకునేవాళ్ళు సర్టిఫికెట్ కోసం వెతకడం కంటే సిలికాన్ హెయిర్‌స్ప్రింగు, వారంటీ ఎన్నేళ్ళన్నది చూడటం మేలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రోజంతా ల్యాప్‌టాప్, ఫోన్, ఇయర్‌ఫోన్ల మధ్య ఉండేవాళ్ళు బడ్జెట్ అందితే మెటాస్ ముద్ర ఉన్న ట్యూడర్ గానీ ఒమేగా గానీ తీసుకోండి. ఈ వ్యాసంలో సర్టిఫికెట్‌ను చూసి కొనమని నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క చోటే. మూడు నాలుగు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళకు కచ్చితత్వం దాదాపు అనవసరం. అల్మారాలోంచి తీసిన ప్రతిసారీ టైమ్ సరిచేసుకోక తప్పదు కాబట్టి, ప్లస్ 2 అయినా ప్లస్ 8 అయినా వాళ్ళకు తెలియనే తెలియదు. డ్రెస్ వాచీ కొనేవాళ్ళు మందం, డయల్ పనితనం చూసుకోవాలి.

దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో కొని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. వారంటీ కార్డు మీద తేదీ, డీలర్ ముద్ర సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. అది అంతర్జాతీయ వారంటీయేనా, ఇండియాలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఎక్కడ కొన్నా సరే, కార్డు స్వైప్ చేసే ముందు డీలర్‌ను ఈ ప్రశ్న అడగండి: ‘‘ఈ వాచీ రోజుకు ఎన్ని సెకన్లు దాటితే వారంటీలో ఉచితంగా సరిచేస్తారు?’’ జవాబు మెయిల్‌లో రాసి పంపమనండి. సర్టిఫికెట్ లేని వాచీకి కూడా ఆ సంఖ్య రాసిచ్చే డీలర్ దొరికితే, సర్టిఫికెట్ ఉన్న వాచీకి కూడా మాట దాటేసే డీలర్‌ను వదిలి ఇతని దగ్గరే కొనండి.